కుందేలుకు తెలుసా?

నా నోరు మంచిది కాదు. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే నాకు కొంచెం బరువు తగ్గుతుంది. అనకూడనివన్నీ అనేసి, అనవలసిన ఒక్క మాటను రెండేళ్లు మింగిన నోరు ఇది. ఆ ఒక్క మాట కథే ఇది.

మా నాయన పెయింటరు. వనపర్తిలో ఒకప్పుడు ఏ సందులోకి తిరిగినా ఆయన చేతిరాత కనబడేది. విత్తనాల దుకాణాల బోర్డులు, ఎరువుల ప్రకటనలు, బడి గోడల మీద దేశపటాలు, అన్నీ రాశాడు. కానీ అవి పొట్టకూటికి. ఆయన అసలు పని అమ్మవార్ల గుళ్లలో. జాతర దగ్గర పడితే గద్వాల వైపు నుంచో, ఇటిక్యాల నుంచో, ఒక్కోసారి అమ్రాబాద్ అడవి పక్క ఊళ్ల నుంచో మనిషి వచ్చేవాడు. అమ్మవారికి రంగులు ఎవరైనా వేయవచ్చు. కన్ను పెట్టడానికి మాత్రం మా నాయన పోవాలి.

ఆ కన్నుకు చాలా నేమాలు ఉండేవి. అన్ని రంగులూ ఆరిపోయాక, చిట్టచివర పెట్టాలి. ముందు నిమ్మకాయ కోయాలి. పెట్టేటప్పుడు ఇంకొకరు బొమ్మ ముఖానికి ఎదురుగా అద్దం పట్టుకొని నిలబడాలి. కన్ను తెరిచిన బొమ్మ తొలి చూపు అద్దంలో తన మీదే పడాలి తప్ప మనిషి మీద పడకూడదు. పెట్టిన కన్నును దిద్దకూడదు. వంకర పోతే అది దాని రాత. ఇక ఆ పనికి కుంచె కూడా వేరు. పాత కళ్లజోడు పెట్టెలో దాచేవాడు. కాడ ఆయన గురువు ఇచ్చింది. ఉడుత వెంట్రుకలు అరిగినప్పుడల్లా మా నాయనే మళ్లీ కట్టుకునేవాడు. ఆ కుంచె అడిగి తీసుకునేది కాదు. బతికుండగా ఒకరు తన చేత్తో ఇంకొకరి చేతిలో పెట్టాలి. పెట్టకుండా పోతే అది కూడా మనిషితోపాటే కాలిపోవాలి.

ఆ అద్దం పట్టుకున్నది నేనే. ఎనిమిదో ఏట మొదలుపెట్టి ఇంటర్ అయిపోయేదాకా పట్టాను. ఆయన వేళ్ల మధ్య కుంచె ఎట్లా తిరుగుతుందో, ఊపిరి ఎక్కడ బిగబడతాడో నాకు కంఠతా వచ్చు. ఒకసారి ఇటిక్యాల దగ్గర ఒక గుడిలో అడిగేశాను, ఈ ఒక్క కన్ను నేను పెడతానని. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"వద్దు బిడ్డా. ఆడిపిల్లవు. రేపు పెండ్లయి ఒకరింటికి పోయేదానివి. ఆ చూపు నీ మీద వడొద్దు."

"అమ్మవారేమన్న మొగోడా నాయినా? ఆమె గుడ ఆడిదే గద!"

గుడి ముందు కూర్చున్న ముసలివాళ్లు నవ్వారు. మా నాయనా నవ్వాడు. కుంచె మాత్రం ఇవ్వలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే సామెత మా నాయనను చూసే పుట్టించి ఉంటారు. నేనూ ఆయన బిడ్డనే కదా, అలిగి కంప్యూటర్ నేర్చుకున్నాను. వనపర్తి బస్టాండు దగ్గర ఫ్లెక్సీల దుకాణంలో డిజైనర్‌గా చేరాను. ఆయన గోడల మీద రాసే పనంతా మేము బట్ట మీద గంటలో అచ్చు వేసి ఇచ్చేవాళ్లం. మా నాయన పనిని మింగిన ఫ్లెక్సీల్లో సగం నా చేతివే. ఫ్లెక్సీలో కన్ను పెట్టే పని ఉండదు. ఫొటోతోపాటే వస్తుంది.

పెళ్లయ్యాక నేను ఎక్కడికీ పోలేదు. మా ఆయన లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు ఊళ్లోనే ఉండడు. అమ్మ పోయాక నాయన మా ఇంట్లోనే ఉన్నాడు. షుగరు ఎప్పటి నుంచో ఉంది. "నాకేం గాదు" అంటూ మందులు ఒకరోజు వేసుకొని రెండు రోజులు మానేసేవాడు. చివరకు కంటి దవాఖానకు తీసుకుపోయేసరికి కంటి వెనక పొర పాడైపోయిందని చెప్పారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక చూపు రాదు, ఉన్నది కూడా పోతుంది అన్నాడు. బయటికి వచ్చి నాయనతో ఏం చెప్పాను? "మందులేస్కుంటె మెల్లగ తగ్గుతదట నాయినా." ఆయన "గట్లనా" అన్నాడు.

అక్కడి నుంచి మా ఇంట్లో నాటకం మొదలైంది. ఆయన కనబడుతున్నట్టు ఉండేవాడు. మేం ఆయనకు కనబడుతున్నట్టు ఉండేవాళ్లం. గడప దాటితే ఎవరైనా పలకరించగానే గొంతు పట్టి పేరు చెప్పేవాడు. పైగా "ఏంది, చిక్కిపోయినవ్?" అని ఒక మాట కలిపేవాడు. వాళ్లు లావైనా సరే. నేను చాయ్ గ్లాసు ఆయన చేతికి తగిలేటట్టు పెట్టి, అనుకోకుండా తగిలినట్టు చేసేదాన్ని. పనులు మాత్రం నేను వచ్చినవి వచ్చినట్టు తిప్పి పంపేదాన్ని, ఆయన దాకా పోనీయకుండా.

ఒకటి మాత్రం నా కన్నుగప్పి లోపలికి వచ్చేసింది. మా సందు చివర అంగన్‌వాడీ ఉంది. అందులో ఆయాగా చేసే అక్క మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నాయనను పెద్దనాయిన అని పిలుస్తుంది. నేను దుకాణంలో ఉన్నప్పుడు వచ్చి చెప్పిపోయింది.

"సందు దిక్కు గోడకు కార్టూన్ బొమ్మ ఎయ్యాల్నట పెద్దనాయినా. టీవీల వస్తది జూడు, ఎర్ర నిక్కరు కుందేలు, గది. పిల్లలు జూసి నవ్వాల్నట."

ఆయన ఒప్పేసుకున్నాడు. నేను వచ్చి ఎంత మొత్తుకున్నా వినలేదు. "కుందేలే గద బిడ్డా. అమ్మోరు గాదు గద" అన్నాడు. ఆ గొంతులో ఉన్న హుషారు చూసి నేను ఇంక నోరెత్తలేకపోయాను.

ఆ కుందేలు కార్టూన్ మా పాప రోజూ చూసేదే. అప్పటికి దానికి ఆరేళ్లు. కుందేలును ఒక నక్క తరుముతుంది. కుందేలు కొండ అంచు దాకా ఉరికి, కింద ఏమీ లేదని చూసుకొని, అప్పుడు పడుతుంది. నేలకు అప్పడంలా అతుక్కుంటుంది. మళ్లీ లేచి నిక్కరు దులుపుకుంటుంది. నాయనకు టీవీలో వెలుగు మాత్రమే కనిపించేది. అందుకని పాపను ఒళ్లో కూర్చోబెట్టుకొని అడిగేవాడు.

"చెవులు ఎంతున్నయే?"

"గింత తాతా" అని అది చేతులు చాపేది. ఆయన తన చేతులతో దాని రెండు చేతుల మధ్య దూరాన్ని తడిమి కొలుచుకునేవాడు. మూతి, పండ్లు, తోక, అన్నీ అట్లాగే కొలిచాడు. తాతకు కనబడదని దానికి ఎవరూ చెప్పలేదు. దానికి అది ఆట.

ఆ కొలతల మధ్యలోనే ఒకరోజు అది అడిగింది.

"తాతా, ఈ కుందేలుకు తెలుసా, అది కార్టూన్ అని?"

నేను వంటింట్లో రొట్టెలు చేస్తున్నాను. నవ్వొచ్చింది. నాయన మాత్రం నవ్వలేదు.

"కన్ను పెట్టెదాక ఏం తెల్వది బిడ్డా. పెట్టినంక అన్నీ తెలుస్తయి. తనను గీసిందెవరో గుడ తెలుస్తది."

"మరి నక్క తరిమితె ఎందుకు ఉరుకుతది? ఉత్తదే అని చెప్పొచ్చు గద?"

"చెప్తె ఆట ఆగిపోతది. గీసినోళ్లు చిన్నవోతరు. పాపం అని ఊకుంటది."

"పడితె నొప్పి లేస్తదా?"

"లేస్తది" అన్నాడు. "ఉత్తదని తెలిస్తె మాత్రం నొప్పి లేకుండ వోతదా?"

పిల్లకు ఇట్లాంటి మాటలేంటని నేను వంటింట్లోంచే కసురుకున్నాను. అది చానా సేపు టీవీలో కుందేలు వైపు జాలిగా చూస్తూ కూర్చుంది. ఆ రోజు రొట్టె కూడా సరిగా తినలేదు.

చలికాలం. నాలుగు రోజులు పట్టింది గోడ. నూలు దారం కట్టి, జానలతో కొలిచి, పాప అటు ఇటు అని చెబుతుంటే పెద్ద గీతలన్నీ గీశాడు. నేను దుకాణానికి సెలవు పెట్టి రంగులు కలిపి ఇచ్చాను. చెవులు, నిక్కరు, కాళ్లు బాగానే వచ్చాయి. పెద్ద ఆకారం ఆయనకు మసకగా తెలిసేది, చెయ్యి మిగతాది చూసుకునేది. కన్ను దగ్గరికి వచ్చేసరికి నేను గట్టిగానే అడిగాను.

"ఇది నేను పెడ్త నాయినా. నువ్వు అలిసిపోయినవ్."

"అద్దం వట్టు" అన్నాడు.

కుందేలు బొమ్మకు నిమ్మకాయ కోశాడు మా నాయన. అంగన్‌వాడీ టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "కుందేలుకు గుడ మొక్కాల్నా పెద్దాయనా?" అంది. "కుందేలైతేంది అమ్మా, కన్ను కన్నే" అన్నాడు ఆయన. నేను పాత గుండ్రటి అద్దం పట్టుకొని పక్కగా నిలబడ్డాను. నాయన ఎడమచేత్తో కుందేలు ముఖం తడిమి, ఊపిరి బిగబట్టి, కుంచె ఆనించాడు. మొదటి కన్ను బుగ్గ మీదికి జారింది. రెండోది చెవి మొదట్లోకి పోయింది. నేను బొమ్మను చూడలేదు, అద్దంలో చూశాను.

ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకు వంచి, గోడను చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"ఎట్లుంది బిడ్డా?"

టీచరమ్మ, ఆయా అక్క, పాప, అందరూ నా ముఖమే చూస్తున్నారు. పాప ఏదో అనబోతే దాని భుజం నొక్కాను. ఎవరి కూరలో ఉప్పు తక్కువైనా మొహాన అనేసే నేను, "చక్కగుంది నాయినా. మనల్నే చూస్తున్నట్టుంది" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? ఒక పూట బాధపడేవాడు. అంతే కదా.

మూడు రోజుల తర్వాత, శనివారం మధ్యాహ్నం, ఆయా అక్క మా దుకాణానికి వచ్చింది.

"చెల్లె, పిల్లలు మెల్లకన్ను కుందేలు అని ఒకటే నవ్వుడు. ఒక చిన్నపిల్లయితె బుగులువడి లోపలికి వస్తలేదు. సోమవారం ఆఫీసరమ్మ వస్తదట. ఆమె రాకముందె సున్నం కొట్టియ్యమంటుంది టీచరు."

సున్నం కొడితే ఆ సంగతి నాయనకు తెలియకుండా ఉండదు. సందంతా చెబుతుంది. నేను ఆలోచించలేదు. నా గుణమే అంత, ముందు పని, తర్వాత ఆలోచన. ఇంటికి పోయి, ఆయన అరుగు మీద కూర్చొని ఉండగా, గూట్లో కళ్లజోడు పెట్టె తీసి కుంచె పట్టుకుపోయాను. దుకాణంలో ఉన్న కుంచెలు పనికిరాక కాదు. కన్ను పెట్టాలంటే ఆ కుంచే కావాలని నా చెయ్యి అనుకుంది.

పొద్దు గుంకే వేళ. అక్క సందు మొదట్లో కాపలా నిలబడింది. నేను ఆ రెండు వంకర కళ్లను తెల్లరంగుతో కప్పేసి, అది కొంచెం ఆరాక, ఎక్కడ ఉండాలో అక్కడ రెండు కళ్లు పెట్టాను. నల్ల ఎనామిల్, చిక్కగా. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి. తండ్రి చేతిపనిని దొంగతనంగా తుడిచేస్తూ కూడా నాకు సంతోషం వేసింది. ఏళ్ల తరబడి అద్దం పట్టుకొని చూసిన పని, మొదటిసారి నా చేత్తో. రెండో కన్నులో తెల్లచుక్క పెట్టగానే కుందేలు నా వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది, అద్దం పట్టేవాళ్లు ఎవరూ లేరని.

కుంచెను టర్పెంటైన్‌తో కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టేశాను.

మర్నాడు ఆదివారం. నాయన పొద్దున్నే అడుగులు లెక్కపెట్టుకుంటూ సందు చివరి దాకా పోయి వచ్చాడు. ఆయనకది అలవాటే. వచ్చి ధోవతి మార్చుకున్నాడు. నేను బట్టలు నానబెట్టబోతూ చూస్తే, ఉతికి రెండు రోజులు కాని తెల్లటి ధోవతి మీద, తొడ దగ్గర, నల్లగా నాలుగు వేళ్ల మరక. ముందే రాత్రంతా నిద్ర సరిగా లేదు. నోటికి అడ్డేముంది?

"ఏంది నాయినా ఇది? ఎక్కడ రుద్దుకొచ్చినవ్? చిన్నపిల్లలు నయం! కండ్లు కనవడకపోతె ఒక్క దగ్గర కుదురుగ కూసోవాలె గని, ఊరంత తడుముకుంట తిరుగుడేంది?"

కండ్లు కనబడవు. ఆ మాట మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అనలేదు. డాక్టరు కూడా ఆయన ముందు అనలేదు. నేను అన్నాను, ఒక మరక కోసం.

నాయన మంచం అంచు మీద కూర్చొని ఉన్నాడు. కుక్కిన పేనులా. "తప్పయింది బిడ్డా" అన్నాడు.

దీపానికి వాడే గ్యాస్‌నూనె పోసి రుద్దాను. మరక పోయీ పోకుండా బూడిదరంగులో నిలిచిపోయింది. ఇక్కడ ఒక సంగతి. నేను పెయింటర్ బిడ్డను. ఆయన పెట్టిన కళ్లు అప్పటికి నాలుగు రోజులవి, ఎండి గట్టిపడిపోయినవి. వేలికి అంటుకునే తడి నలుపు ఆ సందు మొత్తంలో ఒక్క చోటే ఉంది. నాకు తెలియదా? తెలుసు. తెలిసిందని నాకు నేను తెలియనివ్వలేదు. రుద్దుతూ కూర్చున్నాను.

సోమవారం ఆఫీసరమ్మ వచ్చి కుందేలు ముందు పిల్లలను నిలబెట్టి ఫొటో తీయించుకుందట. మా నాయన ఆ తర్వాత రంగు ముట్టలేదు. "చెయ్యి వస్తలేదు బిడ్డా" అనేవాడు. ఆరు నెలల్లో ఆ మసక వెలుగు కూడా పోయింది. అరుగు మీద కూర్చునేవాడు, పాప బడి నుంచి వస్తే దాని చేతులు పట్టుకొని ఎంత పెరిగిందో కొలిచేవాడు. నేను దుకాణం నుంచి వచ్చి చెప్పులు విడవగానే రోజూ ఒకటే ప్రశ్న.

"కుందేలు కండ్లు ఎట్లున్నయి బిడ్డా?"

మా ఇంటికి రావాలంటే ఆ గోడ దాటుకునే రావాలి. "చక్కగున్నయి నాయినా. నువ్వు పెట్టినట్టె ఉన్నయి" అనేదాన్ని. రోజూ అదే మాట. ఆయన తల ఊపి, చాయ్ తాగేవాడు. మొదట్లో ఆ మాట గబగబా అనేసి లోపలికి పోయేదాన్ని. నాలుగు నెలలకు అలవాటైపోయింది. ఏడాదికి విసుగొచ్చింది. "ఎన్నిసార్లు అడుగుతవ్, గోడ మీది కండ్లు ఎటువోతయి?" అని కసిరిన రోజులూ ఉన్నాయి. కసిరినా మర్నాడు మళ్లీ అడిగేవాడు. ముసలితనం, చాదస్తం అనుకున్నాను. ఆయనను సంతోషంగా ఉంచడానికి నేను ఎంత కష్టపడుతున్నానో అని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఈ ఎండాకాలం చివర జ్వరం వచ్చింది. రెండు రోజులు. రెండో రోజు సాయంత్రం నేను వచ్చేసరికి పడుకొని ఉన్నాడు. చెప్పుల చప్పుడు విని తల తిప్పాడు.

"కుందేలు కండ్లు..."

"మంచిగున్నయి నాయినా, నువ్వు పండుకో" అన్నాను. చేతిలో సంచి, ఫోన్లో దుకాణం ఓనరు. ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

తెల్లారేసరికి లేడు.

కాటికి తీసుకుపోయే ముందు మా నాయనతో పనిచేసిన ఒక ముసలి పెయింటరు ఇంట్లోకి వచ్చి అడిగాడు, కంటి కుంచె ఎవరికైనా ఇచ్చాడా అని. "ఇయ్యలేదు" అన్నాను. అయితే పంపేయమన్నాడు. గూట్లోంచి కళ్లజోడు పెట్టె తెచ్చి నా చేత్తోనే నాయన అంగీ జేబులో పెట్టాను. జేబు గుండీ కూడా పెట్టాను, దారిలో జారిపోకుండా. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా నేనే చేశాను. ఉన్న ఒక్క మంచి ఫొటోలో ఆయన చూపు ఎటో ఉంది. కంప్యూటర్‌లో నల్లగుడ్లను జరిపి, ఎదురుగా చూస్తున్నట్టు దిద్దాను. అందరూ ఫొటో బాగా కుదిరిందన్నారు.

పోయిన వారం ఆయా అక్క ఇంటికి వచ్చింది. మూడు నెలలు అయింది కదా, పలకరించడానికి అనుకున్నాను. కాదు.

"చెల్లె, వానలకు కుందేలు నిక్కరు పెచ్చులు లేచింది. కొత్తగ ఎయ్యాల్నంటున్నరు. నువ్వే రావాలె. పెద్దనాయిన కుంచె నీకిచ్చే వోయిండు గద?"

"నాకెందుకు ఇస్తడక్కా? ఎవరికీ ఇయ్యలేదు. ఆయనతోనే పంపిన."

ఆమె ముఖం మాడిపోయింది. కూర్చున్నది లేచి నిలబడింది.

"అట్లెట్ల? అంటె నువ్వు చెప్పనేలేదా ఆయనకు?"

"ఏం చెప్పలేదు?"

అప్పుడు చెప్పింది. ఆ ఆదివారం పొద్దున ఆమె వాకిలి ఊడుస్తుంటే నాయన వచ్చాడట. అప్పుడప్పుడు గోడను తడిమి చూసుకుపోవడం ఆయనకు అలవాటట. ఆ రోజు కుందేలు ముఖం మీద చెయ్యి పెట్టి, ఉలిక్కిపడి తీసి, వేళ్లు వాసన చూసుకున్నాడట. మళ్లీ మెల్లగా, తడి రంగు చెడకుండా, అంచుల వెంబడి వేలు తిప్పి చూశాడట. చానా సేపు. ఈమె భయపడి అంతా ఒప్పేసుకుందట.

"తిడ్తడనుకున్న చెల్లె. తిట్టలే. 'నాకెర్కనే. పొద్దున్నె కుంచె ముట్టుకుంటె టర్పెంటైన్ వాసనొచ్చింది. కడిగినంక కొబ్బరినూనె రాయలే, మర్శిపోయింది నా బిడ్డ' అన్నడు. 'గుండ్రం మాత్రం నాకన్న మంచిగ తిప్పింది' అన్నడు. కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నడు. ఆడిపిల్ల అని ఇయ్యకపోతిని, తప్పు చేసిన అన్నడు. ఎవరికీ చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

"మరి నాకెందుకు ఇయ్యలేదు?" అన్నాను.

"నేను గుడ అడిగిన. పెద్దనాయినా, పిలిచి ఇచ్చెయ్యరాదు అన్న. 'నేనే అడిగితె దొరికిపోయిన అని సిగ్గువడ్తది. దాని నోటితోని అదే చెప్పాలె, నేనే పెట్టిన నాయినా అని. చెప్పిన్నాడు దాని చేతుల పెడ్త. రోజు అడుగుతనే ఉన్న గద, ఏనాడన్న చెప్తది' అన్నడు. రెండేండ్లాయె, చెప్పే ఉంటవనుకున్న నేను."

ఆమె ఏడుస్తూ వెళ్లిపోయింది. నాకు ఏడుపు రాలేదు. లెక్కపెట్టడానికి కూడా వీల్లేనన్ని సాయంత్రాలు ఆయన చెయ్యి చాపాడు. ప్రతి సాయంత్రం నేను అదే మాట అప్పజెప్పి లోపలికి పోయాను. ఆయనకు కనబడదు కదా అని, ముఖం కూడా సరిగా పెట్టేదాన్ని కాదు.

నిన్న దుకాణం నుంచి వస్తూ గోడ దగ్గర ఆగాను. నిక్కరు ఎరుపు పెచ్చులుగా లేచిపోయింది. ఒక చెవి సగమే ఉంది. కళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. మంచి ఎనామిల్. అవి నన్నే చూస్తున్నాయి.

ఇంటికి వచ్చి చెప్పులు విడిచాను. అరుగు మీద ఎవరూ లేరు. ఆయన మంచం నిలబెట్టి గోడకు ఆనించి ఉంది. లోపల టీవీలో ఆ కుందేలే, కొండ అంచు మీద. పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్లు, ఇంకా చూస్తూనే ఉంది. గడప మీదే నిలబడి మంచం వైపు తిరిగి అన్నాను.

"నాయినా, కుందేలు కండ్లు నేనే పెట్టిన."

పాప టీవీ మీది నుంచి తల తిప్పింది.

"ఎవరితోని మాట్లాడుతున్నవమ్మా?"

"ఎవరితోని లేదే. నువ్వు చూసుకో" అన్నాను.